నాన్నగారి పాత కంప్యూటర్‌కి కొత్త డబ్బా

ప్రశ్న: అన్నయ్యా నమస్తే. మాది పిఠాపురం. మా నాన్నగారు 2009లో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ ఇంకా వాడుతున్నారు. కోర్ 2 డుయో ప్రాసెసర్, ఇంటెల్ జీ31 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు అన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అనూ అనే తెలుగు ఫాంట్లతోనే చేస్తారు, వేరేదాంట్లో చెయ్యమంటే చెయ్యరు. క్యాబినెట్ అడుగంతా తుప్పు పట్టి రాలిపోతోంది, పవర్ బటన్ లోపలికి పోయింది, సైడు రేకు ఎప్పుడో పోయింది, మొన్న ఎలుక దూరి ఏదో వైరు కూడా కొరికింది. మా తమ్ముడు ఆన్‌లైన్‌లో అద్దం తలుపున్న కొత్త క్యాబినెట్ తెప్పించాడు, దాంతో ఎస్‌ఎంపీఎస్, అదే లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె, రాలేదు. షాపాయనేమో ఇంత పాత బోర్డు ఇందులో పట్టదు, మొత్తం కొత్తది తీస్కోండి అంటున్నాడు. నిజంగా పట్టదా? నేనే మార్చుకోగలనా? డీవీడీ రైటర్‌కి కొత్తదాంట్లో చోటే లేదు. ఇంకోటి, బాబాయి వాళ్ళ ఆఫీసులో తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్ 9020 ఇస్తానంటున్నారు, దానిక్కూడా ఇలాగే డబ్బా మార్చొచ్చా? పాత క్యాబినెట్ పాతసామాన్ల వాడికి ఇచ్చేయొచ్చా?

సమాధానం: పడుతుంది చెల్లెమ్మా, బ్రహ్మాండంగా పడుతుంది. బోర్డుకి స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, వెనక పోర్టుల కంత ఎంతుండాలి అన్నది ఇంటెల్ వాళ్ళు 1995లో ఏటీఎక్స్ అని ఒక లెక్క పెట్టారు, దానికి చిన్న తమ్ముడు మైక్రో ఏటీఎక్స్ 1997లో వచ్చింది, అది 244 మిల్లీమీటర్లు బై 244. మీ జీ31 బోర్డు ఆ మైక్రో జాతిదే అయ్యుంటుంది, అప్పట్లో అసెంబుల్డ్ వాటిల్లో వేసినవి దాదాపు అవే. ఆ లెక్క ఇవాళ్టికీ మారలేదు, అందుకే 2009 బోర్డు మొన్న కొన్న క్యాబినెట్‌లో కూచుంటుంది. షాపాయన్ని తిట్టుకోకు, పాత బోర్డు మీద చెయ్యేస్తే అది ఎప్పుడు చచ్చినా ‘నువ్వే చంపావు’ అంటారని ఆయన భయం ఆయనది, నేనయినా కౌంటర్ అవతల ఉంటే అదే చెప్పేవాణ్ణేమో.

అయితే నీ ఉత్తరంలో నాకు భయం వేసింది క్యాబినెట్ గురించి కాదు. మీ తమ్ముడు అద్దం తలుపు తెప్పించాడంటే ఆ ఊపులో ఇంకేం చేస్తాడో అని. ఎలాగూ విప్పాంగదా అని ర్యామ్ పెంచుదాం, హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేద్దాం, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మారుద్దాం, విండోస్ కొత్తది ఎక్కిద్దాం అంటాడు చూడు, అక్కడ ఆపు. ఇల్లు మారేరోజు సామాను మార్చకూడదు. ఉన్నది ఉన్నట్టు పాత డబ్బాలోంచి కొత్త డబ్బాలోకి వెళ్ళాలి, అంతే. నాలుగు మార్పులు ఒకేరోజు చేసి స్విచ్చి నొక్కితే స్క్రీన్ నల్లగా ఉందనుకో, నాలుగింట్లో దేనివల్లో తెలుసుకోడానికి నాలుగు రోజులు పడుతుంది, ఈలోపు ఎవరిదో పెళ్ళికార్డు ఆగిపోతుంది, నాన్నగారి మొహం చూడలేం.

పైగా విండోస్‌కి క్యాబినెట్‌తో పనే లేదు. అదే బోర్డు, అదే హార్డ్‌డిస్క్ అయితే ఎక్స్‌పీకి ఇల్లు మారినట్టు కూడా తెలీదు, యాక్టివేషన్ అడగదు, పేజ్‌మేకర్ ఉన్నచోటే ఉంటుంది. బోర్డు మార్చామా, అప్పుడు కథ మొత్తం మళ్ళీ మొదలు. ఇంకోమాట, విండోస్ 11 అని ఎవరన్నా ఆశ పెడితే నమ్మకు, 2024లో వచ్చిన 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేకపోతే అది బూటే అవ్వదు, కోర్ 2 డుయోలో అది లేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది కాబట్టి ఆ మిషన్‌కి నెట్ వైరు పెట్టకు, ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇటూ అటూ తీస్కో, ఆ పెన్‌డ్రైవ్‌ని తమ్ముడి ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేసి మరీ.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక పని. ఆ 160 జీబీ డిస్క్‌కి వయసు అయిపోయింది, ఇన్నేళ్ళూ ఒకేచోట తిరిగినదాన్ని కదిపితే ఏమవుతుందో దేవుడికే తెలియాలి. డబ్బా పోతే ఇంకో డబ్బా వస్తుంది, నాన్నగారు ఇన్నేళ్ళు చేసిన కార్డులు పోతే రావు. ముందు పేజ్‌మేకర్ ఫైళ్ళన్నీ, అంటే పీఎండీ అని, ఇంకా పాతవైతే పీ65 అని చివర ఉన్నవి, రెండు వేరు వేరు చోట్ల కాపీ పెట్టు. అనూ ఫాంట్ల ఫోల్డర్ కూడా కాపీ చెయ్యి, అవి అన్ని మిషన్లకీ అర్థమయ్యే యూనికోడ్ ఫాంట్లు కావు గదా, ఆ ఫాంట్ లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు వస్తాయి. మళ్ళీ మళ్ళీ వాడే కార్డులు ఒక పాతికో ముప్పయ్యో పీడీఎఫ్ చేసి పెట్టుకుంటే ఈ మిషన్ ఒక నెల పడుకున్నా ఏ ప్రెస్సులోనైనా ప్రింటు తియ్యొచ్చు. ఓపిక ఉంటే క్లోన్‌జిల్లా అని ఫ్రీగా దొరుకుతుంది, దాంతో డిస్క్ మొత్తాన్నీ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టమను తమ్ముడిని, వాడి ఉత్సాహం అక్కడ ఖర్చవుతుంది.

తర్వాత బయాస్ ఫోటోలు, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత సెట్టింగుల పేజీలవి. ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కు, బయాస్‌లో ఉన్న పేజీలన్నీ ఫోన్లో ఫోటో తీసుకో. ఎందుకంటే బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, అది ఇన్నేళ్ళకి అయిపోయుంటుంది, మీకు తెలీకపోవడానికి కారణం మిషన్ ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండటం, ఆ కాస్త కరెంటుతోనే బయాస్ గుర్తు పెట్టుకుంటోంది. ప్లగ్ పీకిన నిమిషం నుంచీ అది అన్నీ మర్చిపోయి తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. తేదీ పోతే పోయింది, కొన్ని బోర్డుల్లో హార్డ్‌డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి ఐడీఈ అనే పాతదాన్నుంచి ఏహెచ్‌సీఐ అనే కొత్తదానికి మారిపోయి ఎక్స్‌పీ నీలం స్క్రీన్ కొడుతుంది, 0x0000007బీ అని, అది చూసి హార్డ్‌డిస్క్ పోయిందనుకుని ఏడ్చినవాళ్ళున్నారు. జీ31తో ఎక్కువగా వచ్చే ఐసీహెచ్7 చిప్‌లో ఏహెచ్‌సీఐనే లేదు కాబట్టి నీకు ఆ బాధ తక్కువ, అయినా ఫోటోలు ఉంటే ధైర్యం. బ్యాటరీ ఒక్కటీ మార్చేసెయ్, నేను మార్చొద్దన్నవాటిలో అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు విప్పుదాం. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కిపట్టు, బటన్ లోపలికి పోయిందంటున్నావు కాబట్టి ప్లగ్ పీకాక ఓ పావుగంట ఆగినా చాలు. ప్రతి వైరూ పీకే ముందు ఫోటో, దగ్గర్నించి ఒకటి దూరం నుంచి ఒకటి. ప్రాసెసర్ మీద ఫ్యాన్ విప్పకు, బోర్డుతో పాటే రానీ. ఆ ఇంటెల్ ఫ్యాన్‌కి నాలుగు మూలలా తెల్లటో నల్లటో ప్లాస్టిక్ మేకులుంటాయి, ఇన్నేళ్ళకి పెళుసెక్కిపోయుంటాయి, ఒక్కటి విరిగితే ఆ ఫ్యాన్ ఇంక సరిగ్గా కూచోదు. పేస్టు ఎండిపోయుంటుంది నిజమే, కానీ నిన్నటిదాకా నడిచింది గదా, ఇంకో వారం నడుస్తుంది, కొత్త డబ్బాలో స్థిరపడ్డాక ఒక ఆదివారం ఆ పని పెట్టుకో. దుమ్ము మాత్రం పెయింట్ బ్రష్ కొత్తది ఒకటి కొని మెల్లగా దులుపు, ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకుని దులుపు, తడిబట్ట వద్దు. దులిపాక ప్రాసెసర్ పక్కనున్న పీపాల్లాంటి కెపాసిటర్ల తలలు చూడు, చదునుగా ఉంటే మంచిది, ఉబ్బినా, తల మీద గోధుమరంగు గార కట్టినా ఆ బోర్డు కొత్త డబ్బాలోకి వెళ్ళడం దండగ, ముందు దాన్ని బాగుచేసేవాడిని చూసుకోవాలి.

ఎలుక కొరికిన వైరు ఏదో రాయలేదు నువ్వు. హార్డ్‌డిస్క్ నుంచి బోర్డుకి వెళ్ళే పల్చటి సాటా కేబుల్ అయితే కొత్తది వేసెయ్, చవకే. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పసుపు, ఎరుపు, నల్ల వైర్లలో ఏదన్నా రాగి బయటపడిందా, టేపు చుట్టే ఆలోచన చెయ్యకు, ఎస్‌ఎంపీఎస్ మార్చడమే.

కొత్త క్యాబినెట్‌లోకి ఎక్కించే ముందు బోర్డుని బల్ల మీద ఒకసారి బతికించి చూడు. ఈ ఒక్క మెట్టు దాటేసినవాళ్ళే తర్వాత గంటలకొద్దీ తలపట్టుకుంటారు. ఎండిన అట్టముక్క ఒకటి పరువు, బోర్డుతో వచ్చిన వెండిరంగు కవరు దాచి ఉంచినా దానిమీద పెట్టకు, దాని పైపొరకి కరెంటు పారే గుణం ఉంటుంది. అట్టమీద బోర్డు, పాత ఎస్‌ఎంపీఎస్ 24 పిన్నుల పెద్ద కనెక్టర్, నాలుగు పిన్నుల చదరం కనెక్టర్, ర్యామ్, మానిటర్, కీబోర్డు, అంతే. బటన్ లేదు కాబట్టి ఫ్రంట్ ప్యానెల్ పిన్నుల్లో 6, 8 నంబర్ల రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించు, ఫ్యాన్ తిరిగి స్క్రీన్ వస్తుంది. భయపడకు, బటన్ చేసే పని కూడా ఇదే, ఆ రెండు పిన్నుల్ని క్షణంపాటు కలపడం. ఇక్కడ స్క్రీన్ వచ్చిందంటే బోర్డు బాగున్నట్టు, తర్వాత డబ్బాలో రాకపోతే తప్పు డబ్బాదే అని తేలిపోతుంది.

ఆ డబ్బా తప్పు ఎలా ఉంటుందో నా కథ చెప్తాను. మా బావమరిది కంప్యూటర్‌ని పెద్ద క్యాబినెట్‌లోంచి ఇంకో పెద్ద క్యాబినెట్‌లోకి మార్చా, గంటలో అయిపోయింది, భోజనానికి ముందే. స్విచ్చి నొక్కితే ఫ్యాన్ పావుచుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే అదే. ర్యామ్ మార్చా, ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చా, ప్రాసెసర్ తీసి పెట్టా, మూడు సాయంత్రాలు. అత్తగారు రోజూ కాఫీ ఇస్తూ ‘ఇంకా అవలేదా బాబూ’ అని మెత్తగా అడగడం. మూడోరోజు విసిగిపోయి బోర్డు పీకి న్యూస్‌పేపర్ మీద పెట్టి ఆన్ చేస్తే చక్కగా వచ్చేసింది! అప్పుడు ఖాళీ డబ్బాలోకి టార్చి వేసి చూస్తే, ముందున్న బోర్డు కోసం బిగించిన ఇత్తడి స్టాండాఫ్ ఒకటి, అంటే బోర్డుని డబ్బా రేకుకి తగలకుండా ఎత్తి పట్టుకునే బుల్లి కాలు, నా బోర్డుకి రంధ్రమే లేని చోట ఠీవిగా నిలబడి ఉంది, బోర్డు వెనక టంకం చుక్కల్ని తాకుతూ. అది షార్ట్ అవ్వగానే ఎస్‌ఎంపీఎస్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతోంది. ఆ ఎస్‌ఎంపీఎస్ మంచిది కాబట్టి బోర్డు మిగిలింది.

అందుకని నీ కొత్త క్యాబినెట్‌ని పడుకోబెట్టి, ముందు ఆ అద్దం తలుపు తీసి మంచం మీద పరుపు మధ్యలో పెట్టు, టైల్స్ నేల మీద అంచు ఆనించావంటే టపీమని గింజలు గింజలుగా రాలిపోతుంది, ఆ టెంపర్డ్ గ్లాసు అంచుకి దెబ్బ తగిలితే అంతే. తర్వాత బోర్డుని ఊరికే లోపల ఆనించి, బోర్డు మీద ఎన్ని స్క్రూ రంధ్రాలున్నాయో లెక్కపెట్టు, ఆరా ఎనిమిదా. అన్ని రంధ్రాల కిందే స్టాండాఫ్ ఉండాలి, అవి తప్ప ఇంకొక్కటి కూడా ఉండకూడదు, మిగతావి శ్రావణంతో విప్పి డబ్బీలో వెయ్యి. మీ బోర్డు వెడల్పు తక్కువ రకం అయితే కుడివైపు అంచు కింద ఏ ఆధారమూ లేకుండా గాల్లో ఉంటుంది, సరిగ్గా ఆ అంచునే 24 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, దాన్ని గట్టిగా నొక్కితే బోర్డు విల్లులా వంగుతుంది. నొక్కేటప్పుడు ఎడమచేతి వేళ్ళు బోర్డు అంచు కింద పెట్టి నొక్కు, లేదా కనెక్టర్ ముందే పెట్టేసి బోర్డుని దించు. స్క్రూలు రెండు రకాలొస్తాయి, లావు మరవి హార్డ్‌డిస్క్‌కి, ఎస్‌ఎంపీఎస్‌కి, సన్న మరవి డీవీడీకి, ఎస్‌ఎస్‌డీకి, బోర్డుకి ఏది అన్నది స్టాండాఫ్‌ని బట్టి, వేలితో రెండు చుట్లు సాఫీగా తిరిగితే అదే సరైనది, మొదటి చుట్టుకే మొరాయిస్తే వేరేది తీస్కో.

బోర్డు బిగించేముందు మర్చిపోయేది ఇంకోటుంది, వెనక పోర్టుల చుట్టూ ఉండే పల్చటి రేకు. అది క్యాబినెట్‌తో రాదు, బోర్డుతో వస్తుంది, అంటే నీది పాత క్యాబినెట్‌కే ఇరుక్కుని ఉంది. బయటినుంచి లోపలికి నాలుగు మూలలా మెల్లగా తోస్తే ఊడొస్తుంది, తుప్పుంటే బ్రష్షుతో గీకి, కొత్తదాంట్లో లోపలినుంచి బయటికి నొక్కి టక్కుమనిపించు. కంత సైజు అన్ని క్యాబినెట్లకీ ఒకటే, ఆరుంపావు అంగుళాల పొడవు, ఒకటి ముప్పావు ఎత్తు. రేకుకున్న బుల్లి నాలుకలు లాన్ పోర్టులోకో యూఎస్‌బీ లోపలికో దూరకుండా చూసుకో. రేకు లేకపోతే ఏమవుతుంది అంటే మామూలు ఊళ్ళో ఏమీ అవ్వదు, మన గోదావరి జిల్లాల్లో బల్లి దూరుతుంది. వెచ్చగా ఉంటుంది గదా, కాపురం పెట్టేస్తుంది, ఒకరోజు ఎస్‌ఎంపీఎస్‌లో అడ్డంపడి అదీ పోతుంది, మిషనూ పోతుంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర నీకు నిజమైన చిక్కు వస్తుంది. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ సైజు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, 150 బై 86 బై 140 మిల్లీమీటర్లు, స్క్రూలు నాలుగూ సరిపోతాయి. కానీ పాత క్యాబినెట్‌లో అది పైన ఉండేది, ప్రాసెసర్ పక్కనే, అందుకని వైర్లు పొట్టిగా ఇచ్చేవాళ్ళు. కొత్తవాటిలో అది అడుగున ఉంటుంది, నాలుగు పిన్నుల ప్రాసెసర్ కనెక్టర్ మాత్రం బోర్డు పై మూలన ఉంటుంది, అంటే ఆ వైరు కిందినుంచి బోర్డు వెనకగా తిరిగి పైకి రావాలి. రాదు. ఒక జానెడు తక్కువ పడుతుంది, అందరికీ అక్కడే తక్కువ పడుతుంది. వైరుని బోర్డు మీదుగా అడ్డంగా లాగి ఫ్యాన్ రెక్కలకి తగిలేలా పెట్టొద్దు. ప్రాసెసర్ పవర్ ఎక్స్‌టెన్షన్ అని నాలుగు పిన్నులది దొరుకుతుంది, కాకినాడలో లేకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకి వెళ్ళే వాళ్ళెవరికన్నా చెప్పు, లేదా ఆన్‌లైన్. రెండు పసుపు రెండు నలుపు వైర్లు ఉన్నదే చూసి కొను.

ఇంక ఎస్‌ఎంపీఎస్ కొత్తది కొనాలా? ఇన్నేళ్ళ వయసుంది, లోపల కెపాసిటర్లు ఎండే ఉంటాయి, ఎలుక కూడా చెయ్యి చేసుకునుండొచ్చు. వైర్లలో రాగి బయటపడకపోతే, నా మాటయితే పాతదాంతోనే మిషన్‌ని కొత్త డబ్బాలో నడిపి, రెండు మూడు రోజులు చూసి, అప్పుడు ఎస్‌ఎంపీఎస్ మార్చు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లకి వైర్లు పొడుగ్గానే ఉంటాయి, ఆ ఎక్స్‌టెన్షన్ బాధా తప్పుతుంది, కాబట్టి రెండుసార్లు ఖర్చెందుకు అనుకుంటే సరే, బల్లమీద పరీక్ష పాతదాంతో చేసి, నడుస్తోందని చూశాక, అదే బల్లమీద కొత్తదాంతో ఇంకోసారి చేసి అప్పుడు ఎక్కించు. వాట్ల గురించి కంగారొద్దు, గ్రాఫిక్స్ కార్డు లేని కోర్ 2 డుయో మిషన్ మొత్తం కలిపి 120 వాట్లు దాటడం కష్టం. పైన 450 వాట్లు అని పెద్ద అక్షరాలుండే తేలికపాటి ఎస్‌ఎంపీఎస్ కంటే, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉండే పేరున్న కంపెనీ చిన్నది మేలు. కొత్తదాంట్లో ప్రాసెసర్ కనెక్టర్ ఎనిమిది పిన్నులది రెండు ముక్కలుగా విడిపోతుంది, అందులో మీ బోర్డుకి దిగే సగం పెట్టు, మిగతా సగం ఊరికే వేలాడనీ.

ముందు ప్యానెల్ సన్న వైర్లు, అందరూ భయపడేది వీటికే గానీ వీటితో పాడయ్యేది ఏమీ లేదు. ఇంటెల్ వాడి తొమ్మిది పిన్నుల వరస ఇలా ఉంటుంది: 1, 3 హార్డ్‌డిస్క్ లైటు, 2, 4 పవర్ లైటు, 5, 7 రీసెట్, 6, 8 పవర్ బటన్, 10వది ఉండదు, ఆ ఖాళీని చూసే ఏది ఏ వైపో గుర్తుపట్టాలి. బటన్లకి అటూ ఇటూ తేడా లేదు, ఎలా పెట్టినా పనిచేస్తాయి. లైట్లు తిరగేసి పెడితే వెలగవు, అంతే, తీసి తిప్పి పెట్టు. హెడ్‌ఫోన్ వైరు హెచ్‌డీ ఆడియో అని రాసుంటుంది, అదీ నేరుగా దిగుతుంది. ముందు యూఎస్‌బీ 3 కోసం ఒక లావుపాటి 19 పిన్నుల ప్లగ్ ఉంటుంది చూడు, దానికి మీ బోర్డులో జాగా ఉండదు, 19 నుంచి 9 పిన్నులకి మార్చే చిన్న అడాప్టర్ అమ్ముతారు, వేగం పాత యూఎస్‌బీ 2దే వస్తుంది కానీ నాన్నగారు పెన్‌డ్రైవ్ ముందే గుచ్చుకోవచ్చు, వంగి వెనక్కి పోనక్కర్లేదు. రంగు రంగుల ఫ్యాన్ల వైర్లలో పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్ ఉంటే ఎస్‌ఎంపీఎస్‌కి పెట్టెయ్, రంగు మార్చే సన్న కనెక్టర్లని బోర్డు మీద ఎక్కడా బలవంతంగా గుచ్చొద్దు, అవి మీ బోర్డు పుట్టినప్పుడు లేనివి.

డీవీడీ రైటర్‌కి చోటు లేదన్నావు, ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి ఉండదు. దానికోసం క్యాబినెట్ కొయ్యడం లాంటివి చెయ్యకు. నాన్నగారికి డీవీడీ ఎందుకు కావాలి, పేజ్‌మేకర్ సీడీ, ఫాంట్ల సీడీ, డ్రైవర్ల సీడీ, అంతేగదా? అవి మూడూ డబ్బా మార్చేముందే ఆ డ్రైవ్‌లోనే పెట్టి ఐఎస్ఓ ఇమేజీలు, అంటే సీడీకి నకలు ఫైళ్ళు, చేసి దాచెయ్, పాత సీడీలు బూజుపట్టి చదవడం మానేసేలోపు. కస్టమర్లకి సీడీ రాసివ్వడం ఇంకా ఉంటే యూఎస్‌బీకి తగిలించే బయటి రైటర్ తీస్కో. మీది ఐడీఈ పట్టీ కేబుల్ రకం అయితే దాన్ని క్యాబినెట్ బయటికి లాగి బల్లమీద పెడదాం అని తమ్ముడికి ఐడియా రావచ్చు, ఆ పట్టీ 18 అంగుళాలకి మించకూడదు, వద్దని చెప్పు. హార్డ్‌డిస్క్ కొత్తదాంట్లో ముందువైపు అడుగున కూచుంటుంది, పాత సాటా కేబుల్ అందకపోతే పొడుగుది తీస్కో, మీటరు దాకా పర్లేదు.

అన్నీ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు అద్దం తలుపు వెయ్యకు. ఫ్యాన్ తిరిగి మూడు బీప్‌లు కొట్టిందా, ర్యామ్ సరిగ్గా కూచోలేదు, తీసి మళ్ళీ నొక్కు. అసలు బీప్ వినాలంటే స్పీకర్ ఉండాలి, కొత్త క్యాబినెట్లలో ఇవ్వరు, పాతదాంట్లో బోర్డు దగ్గర వేలాడే బుల్లి స్పీకర్ ఉంటే అది పీకి పెట్టుకో. ఫ్యాన్ పావుచుట్టు తిరిగి ఆగిందా, మా అత్తగారి కాఫీ గుర్తు తెచ్చుకుని స్టాండాఫ్‌లు చూడు.

ఇంకో విషయం, నువ్వు అడగలేదు కానీ. పాత క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేదా? పాత ఇళ్ళలో మూడో పిన్నుకి ఎర్త్ ఉండదు, ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు వైర్లకీ డబ్బాకీ మధ్య రెండు చిన్న కెపాసిటర్లుంటాయి, ఎర్త్ లేకపోతే వాటిగుండా మెయిన్స్‌లో సగం వోల్టేజి డబ్బా రేకుమీద కూచుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి చంపదు, జివ్వుమంటుంది, కానీ ప్రింటర్ వైరో పెన్‌డ్రైవో పెట్టేటప్పుడు ఆ జివ్వు పోర్టు గుండా పోతే పోర్టు పోవచ్చు. కొత్త డబ్బాకి రంగు మందంగా ఉంటుంది కాబట్టి చేతికి తెలీకపోవచ్చు, ఎర్త్ రాలేదనేది మాత్రం అలాగే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క సాకెట్టుకన్నా ఎర్త్ చూపించు.

బాబాయి గారి ఆప్టిప్లెక్స్ 9020 సంగతి. తీసుకో, మంచి మిషనే, కానీ డబ్బా మార్చే ఆలోచన పెట్టుకోకు. అలాంటి కంపెనీ మిషన్లు వాళ్ళ సొంత లెక్కలో కట్టినవి. దానికి బోర్డు పవర్ కనెక్టర్ 24 పిన్నులది కాదు, 8 పిన్నులది, మామూలు ఎస్‌ఎంపీఎస్ పెట్టాలంటే అడాప్టర్ కావాలి. వెనక పోర్టుల రేకు డబ్బాలోనే భాగం, విడిగా ఊడిరాదు. ముందు బటన్, లైట్ల వైరింగ్ వేరే, ఫ్యాన్ కనెక్టర్ వేరే, ఫ్యాన్ కనిపించకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ ఎఫ్1 నొక్కమంటుంది. అన్నిటికీ అడాప్టర్లు దొరుకుతాయి, చేసినవాళ్ళున్నారు, అయితే ఆ అడాప్టర్ల డబ్బులతో ఇంకో పాత ఆప్టిప్లెక్స్ వస్తుంది. దాన్ని ఉన్న డబ్బాలోనే ఉంచి, ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి నువ్వు వాడుకో, నెట్ పనులన్నీ దాంట్లో, నాన్నగారిది పక్కనే పేజ్‌మేకర్‌కి.

పాత క్యాబినెట్‌ని వెంటనే ఇచ్చెయ్యకు. ఒక నెల అటక మీద ఉంచు, తుప్పు రాలకుండా కింద పాత గోనె పరిచి. స్పీకరు, స్క్రూలు, ఇత్తడి స్టాండాఫ్‌లు, వెనక స్లాట్ల రేకులు అన్నీ ఊడదీసి ఒక హార్లిక్స్ సీసాలో వేసుకో. నెల తర్వాత ఇచ్చేటప్పుడు లోపల చెయ్యిపెట్టి ఒకసారి తడుము, డీవీడీ ట్రేలో ఏదన్నా సీడీ ఉండిపోయిందేమో కూడా చూడు, గుండుసూది దాని ముందున్న చిన్న బెజ్జంలో గుచ్చితే ట్రే బయటికొస్తుంది.